ఊరకే వినే ఊళ్లో టిక్కెట్టు పెట్టి పాట కచేరీ చేసేదెట్టా?

నెల్లూరులో పాట వినేదానికి డబ్బులిచ్చే అలవాటు లేదు. వినాయక చవితికి వీధికొక ఆర్కెస్ట్రా, శ్రీరామనవమికి పందిట్లో కచేరీ, తిరునాళ్లకు తెల్లవార్లూ స్టేజీ ప్రోగ్రాం. అన్నీ ఊరకే. బాలుగారి ఊరు మాదని చెప్పుకునేటప్పుడు ఛాతీ ఉబ్బుద్ది గానీ, పాటకి మూడొందలు పెట్టమంటే చెయ్యి జేబులోకి పోదు. స్టోన్‌హౌస్‌పేటలో నాకు మైకుసెట్ల షాపుంది. చాలాకాలం వేరేవాళ్ల ప్రోగ్రాములకి బాక్సులు అద్దెకిచ్చినా, తర్వాత సొంతంగా టిక్కెట్టు షోలు పెట్టడం మొదలుపెట్టినా. ఇప్పుడు ఇంజనీరింగు పిల్లకాయలు భుజాన గిటార్లు తగిలించుకొని షాపుకొస్తారు. "అన్నా, మా బ్యాండుతో ఒక షో పెట్టాల, ఏం చేయాల?" అంటారు. ఒక్కొక్కరికీ మొదట్నించీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తా ఉండా.

ముందు బిల్ గ్రాహం అనే ఆయన సంగతి. ఆయన పాటగాడు కాదు, కానీ అమెరికాలో రాక్ కచేరీని ఒక పద్ధతిగల వ్యాపారంగా నిలబెట్టినోళ్లలో మొదటి వరసలోవాడు. 1931 జనవరి 8న బెర్లిన్‌లో యూదుల ఇంట్లో పుట్టినాడు. అసలు పేరు వోల్ఫ్‌గాంగ్ గ్రాయోంకా. పుట్టిన రెండ్రోజులకే నాయన పోయినాడు. హిట్లరు కాలంలో పిల్లోణ్ణి అనాథాశ్రమం నుంచి ఫ్రాన్సుకి పంపేశారు, తల్లి నాజీల చేతుల్లో పోయింది. 1941లో న్యూయార్కు చేరితే బ్రాంక్స్‌లో ఒక కుటుంబం పెంచుకుంది. కొరియా యుద్ధానికి పోయొచ్చినాడు. క్యాట్‌స్కిల్ కొండల్లో హోటళ్లలో వెయిటరు పని చేసినాడు. నన్నడిగితే ఆయన ఈ విద్య నేర్చింది ఆ హోటళ్లలోనే. బల్ల దగ్గరికొచ్చిన మనిషికి ఏం కావాలో అడక్కముందే కనిపెట్టడం వెయిటరు పని. కచేరీలు పెట్టే ప్రమోటరు పనీ అదే.

1965లో ఆయన శాన్ ఫ్రాన్సిస్కోలో మైమ్ ట్రూప్ అనే నాటక సమాజానికి మేనేజరు. పర్మిషన్ లేకుండా పార్కులో నాటకం ఆడినారని ఆ సమాజం పెద్దని పోలీసులు పట్టుకుపోయినారు. కోర్టు ఖర్చులకి డబ్బు కావాల. నవంబరు 6న గ్రాహం ఒక చందా కచేరీ పెట్టినాడు, జనం విరగబడినారు. డిసెంబరు 10న రెండోది, ఫిల్‌మోర్ ఆడిటోరియంలో. అంతే, నాటకాలు పక్కకుపోయి కచేరీలే ఆయన బతుకైనాయి. 1968లో న్యూయార్కులో ఫిల్‌మోర్ ఈస్టు, శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిల్‌మోర్ వెస్టు అనే కచేరీ హాళ్లు తెరిచినాడు.

మనకి పనికొచ్చే ముచ్చట ఏందంటే, ఆ రోజుల్లో శాన్ ఫ్రాన్సిస్కోలో కూడా పాట ఊరకే దొరికేది. అవే బ్యాండ్లు గోల్డెన్ గేట్ పార్కులో చెట్లకింద డబ్బుల్లేకుండా వాయించేవి. అయినా జనం టిక్కెట్టు కొని ఫిల్‌మోర్‌కి పోయినారు. ఆడ తలుపు దగ్గర ఒక పీపా నిండా ఆపిల్ కాయలుండేవి, ఎవరైనా తీసుకోవచ్చు. సౌండు బాగుండేది. గొడవ చేసేవాణ్ణి బయటికి పంపేదానికి మనిషుండేవాడు. కాబట్టి మీరు అమ్మేది పాట కాదు. పాట మనూళ్లో ఊరకే వస్తది. మీరు అమ్మేది ఆ మూడు గంటల్లో మనిషికి జరిగే మర్యాద. ఇది బుర్రకెక్కితే మిగతాదంతా కూలి పనే.

తేదీ

క్యాలెండరు కాదు, పంచాంగం ముందేసుకోండి. పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో షామియానాలు, జనరేటర్లు, కుర్చీలు, కీబోర్డు వాయించేవాడు, చివరికి నేను కూడా దొరకను. దొరికినా అద్దె రెట్టింపు. మూఢాల్లో, ఆషాఢంలో, పుష్యమాసంలో టెంటుహౌసు వాళ్లు ఈగలు తోలుకుంటా ఉంటారు, అప్పుడు బేరమాడండి. నా ఓటు పుష్యమాసానికే. వానలు తగ్గిపోయి ఉంటాయి, పెళ్లిళ్లుండవు, సంక్రాంతికి మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు ఊళ్లోనే ఉంటారు. టిక్కెట్టు కొని పాట వినే అలవాటు వాళ్లకి ఆడే అయి ఉంటది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆరుబయట ఏదీ పెట్టొద్దు. మన జిల్లాకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే. తుపాను కూడా అప్పుడే. స్టేజీ, లైట్లు తగిలించే ఇనప చట్రం, బాక్సులు గాలికి నిలబడవు. గ్రాహం పోయింది కూడా గాలివానలోనే. 1991 అక్టోబరు 25 రాత్రి ఒక కచేరీ చూసుకొని హెలికాప్టర్లో ఇంటికి పోతా ఉంటే అది కరెంటు టవర్ని గుద్దుకుంది. వాతావరణంతో పందెం వద్దు. మొహర్రం నెలలో రొట్టెల పండగ వారం కూడా వదిలేయండి. ఊళ్లో పోలీసులంతా స్వర్ణాల చెరువు దగ్గరే ఉంటారు, మీ బందోబస్తుకి మనిషి దొరకడు. మార్చిలో ఇంటరు పరీక్షలు. ఇంక చెప్పేదేముంది, తల్లులు గేటుకి తాళమేస్తారు.

లెక్క

ఉదాహరణకి 800 కుర్చీల షో అనుకోండి. బ్యాండుకి 90,000, సౌండు లైట్లకి 60,000, స్టేజీ కుర్చీలకి 40,000, జనరేటరుకి 15,000, జాగాకి 15,000, పర్మిషన్లు లైసెన్సులకి 15,000, ప్రచారానికి 10,000, శుభ్రం, నీళ్లు, మనుషులకి 15,000. మొత్తం 2,60,000. స్పాన్సర్ల దగ్గర 80,000 వస్తే మీ నెత్తిన 1,80,000. ముందు 300 కుర్చీలు 500 రూపాయలకి, వెనక 500 కుర్చీలు 300కి పెట్టండి. రెండు వైపులా నూటికి అరవై నిండితే సరిగ్గా 1,80,000 వస్తది. అంటే అరవై నిండితే అప్పు లేకుండా ఇంటికి పోతారు. నూటికి తొంభై నిండితేనే గట్టెక్కే లెక్క ఎవరైనా చూపిస్తే టీ తాగించి పంపేయండి. టిక్కెట్టు 500 దాటనీయొద్దు. దాటితే జీఎస్టీ తగులుకుంటది. ఆ సంగతి మీ ఆడిటర్ని ఒకసారి అడిగి ఖాయం చేసుకోండి.

మొదటి షోనే 800తో మొదలుపెట్టమని మాత్రం నేను చెప్పను. 300 కుర్చీల హాలు నిండితే ఊరంతా చెప్పుకుంటది. 800లో 300 నిండితే అది కూడా ఊరంతా చెప్పుకుంటది.

జాగా, కాయితాలు

ట్రంకు రోడ్డులో పురమందిరం లాంటి హాలు దొరికితే వానకి భయం లేదు, గేటు ఒకటే, సౌండు బయటికి తక్కువ పోతది. మైదానం అయితే చుట్టూ వంద మీటర్లు నడిచి చూడండి. చట్టం ప్రకారం ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించొచ్చు. పొగతోట వైపు అయితే అడుగుకొక ఆసుపత్రి, ఆ పక్కకే పోవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల లెక్కన రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు మోగకూడదు. పండగలకీ సాంస్కృతిక ఉత్సవాలకీ ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికుంది గానీ, ఆ సడలింపు మీ షోకి వస్తదని ఆశ పెట్టుకోవద్దు. సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టి తొమ్మిది నలభైకి చివరి పాట అయిపోయేటట్టు చూసుకోండి.

పోలీసు స్టేషను, ఫైరు ఆఫీసు, కార్పొరేషను, కరెంటాఫీసు, ఈ నాలుగు చోట్లకి నెల ముందే పోండి. ఒకే అర్జీని నాలుగు కాపీలు తీసి ఇస్తే కుదరదు, ఎవరి ఫారం వాళ్లది. ప్రతిచోటా రసీదు ముద్ర వేయించుకోండి. ఒక ఆఫీసులో నా అర్జీ బీరువా వెనక పడిపోయిందన్నారు, ముద్ర ఉన్న కాపీ చూపిస్తే అప్పుడు బీరువా జరిపినారు. గ్రాహం కూడా ఫిల్‌మోర్‌లో డాన్సు పర్మిట్ కోసం తిప్పలు పడినోడే. మొదట్లో ఆ హాలు లీజు, పర్మిటు చార్లెస్ సల్లివన్ అనే నల్లజాతి వ్యాపారి చేతిలో ఉండేవి. ఆయన నీడలోనే మొదలుపెట్టినాడు. మీరు కూడా కుదిరితే మొదటిసారి పర్మిషన్ల దారి తెలిసిన సాంస్కృతిక సంస్థ ఒకదాన్ని కలుపుకోండి.

పిల్లకాయలు మర్చిపోయే కాయితం ఇంకొకటుంది. సినిమా పాటలు స్టేజీ మీద పాడితే రాసినాయనకి, బాణీ కట్టినాయనకి హక్కుంటది. 1957 కాపీరైటు చట్టం సంగతి ఇది. దానికి ఐపీఆర్ఎస్ అని, పాటలు రాసేవాళ్ల, బాణీలు కట్టేవాళ్ల హక్కులు చూసే సంస్థ దగ్గర లైసెన్సు తీసుకోవాల. మీ బ్యాండు సొంతంగా కట్టుకున్న పాటలే అయితే ఆ ఖర్చు తగ్గుద్ది. మధ్యలో రికార్డు పాటలు వేస్తే దాని లైసెన్సు వేరే.

బ్యాండు, ముందు ఎవరు, వెనక ఎవరు

మద్రాసు మనకి మూడు, మూడున్నర గంటల దూరం. ఆడి నుంచి బ్యాండు వస్తే రాత్రికి రాత్రే వెనక్కి పోతారు, లాడ్జి ఖర్చు మిగులుద్ది. ఒప్పందం స్టాంపు పేపరు మీద రాసుకోండి. ఎన్ని గంటలు, ఎంతమంది, ఏ వాయిద్యాలు వాళ్లవి, ఏవి మనం తేవాల, వాన వస్తే అడ్వాన్సు ఎవరిది. మిగతా డబ్బు స్టేజీ ఎక్కకముందే ఇచ్చేయండి. ప్రోగ్రాం అయినాక ఇస్తానన్నారంటే వాయించేవాడి చేతులు తీగల మీద, కళ్లు మీ మీద ఉంటాయి. చేపల పులుసు మాత్రం ప్రోగ్రాం అయినాకే పెట్టండి. ముందు పెడితే రెండో పాటకే డ్రమ్మరు చెమటలు కక్కుతాడు.

వరస ఎట్టా కట్టాలో గ్రాహం దగ్గర నేర్చుకోవాల. రాక్ బ్యాండు కోసం వచ్చిన కుర్రోళ్లకి ఆయన బ్లూస్ అనే సంగీతంలో పెద్దాయన బి.బి. కింగ్‌ని వినిపించినాడు. 1970 ఏప్రిల్లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండుకి ముందు జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్‌ని పెట్టినాడు. జనానికి తెలిసింది చూపించి అమ్మినాడు, తెలియనిది దాని పక్కనే పెట్టి వడ్డించినాడు. మనకి అట్టాంటి సరుకు తక్కువా? షేక్ చినమౌలానా పుట్టింది ఒంగోలు పక్కన కరవదిలో. నాదస్వరంతో సంగీత కళానిధి బిరుదు దాకా పోయినాడాయన. మీ బ్యాండుకి ముందు పదిహేను నిమిషాలు నాదస్వరం, డోలు పెట్టి చూడండి. తర్వాత ఆ డోలుకీ మీ డ్రమ్ముకీ ఐదు నిమిషాలు జుగల్‌బందీ. నేను పెట్టిన షోల్లో జనం లేచి నిలబడింది అట్టాంటి చోటే. డప్పు అయితే ఇంకా మేలు. అయితే డప్పు కళాకారులకి ఇచ్చే డబ్బు కీబోర్డు వాయించేవాడికి ఇచ్చే దాంట్లో పావలా వంతు చేయొద్దు. అది తప్పు.

రేట్ల గురించి ఒక మాట. 1971లో గ్రాహం తన రెండు ఫిల్‌మోర్‌లూ మూసేసినాడు. బ్యాండ్లు రేట్లు పెంచేసినాయి, చిన్న హాళ్లు వదిలి స్టేడియాల వెంట పడినాయి. ఆయన కూడా తర్వాత స్టేడియాల్లోకే పోయినాడు. 1985 జులై 13న ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ అనే పెద్ద చందా కచేరీ దాకా. మన దగ్గరా ఇదే జరుగుద్ది, మీరు పైకి తెచ్చిన బ్యాండే రెండేళ్లకి మీకు అందదు. ఏడవొద్దు, ఇంకొక బ్యాండుని వెతకండి.

సౌండు

ఇది నా సొంత విద్య, కొంచెం ఎక్కువే చెప్తా. కరెంటు ఆఫీసు లైను మీద సౌండు నడపొద్దు. 62.5 కేవీఏ జనరేటరు తెచ్చి, లైట్లకి ఒక ఫేజు, సౌండుకి ఇంకొక ఫేజు ఇవ్వండి. రెండూ కలిస్తే లైటు మారినప్పుడల్లా బాక్సుల్లో గుయ్యిమంటది. ఎర్తు గుంత కొట్టి నీళ్లు పోసినారా లేదా మీ కళ్లతో చూడండి. తడి నేల మీద, చేతిలో మైకుతో నిలబడేది మీ పాటగాడే. జనరేటరుని జనానికి గాలి వచ్చే వైపు పెట్టొద్దు, పొగంతా ముందు వరసకే.

మైదానం లోతుగా ఉంటే స్టేజీ బాక్సుల్ని గట్టిగా మోగించి వెనక వరసకి వినిపిద్దామని చూస్తారు. ముందువాడి చెవులు పోతాయి, వెనకవాడికి మాట తెలియదు. మధ్యలో ఇంకొక జత బాక్సులు నిలబెట్టాల. అయితే శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లే పోతది, వైర్లో సిగ్నలు మాత్రం చిటికెలో పోతది. 34 మీటర్ల అవతల బాక్సు పెడితే దానికి 100 మిల్లీసెకన్ల డిలే, అంటే ఆలస్యం, ఇవ్వాల, లేకుంటే ఒకే పాట రెండుసార్లు వినపడద్ది. 1973 జులై 28న న్యూయార్కు రాష్ట్రం వాట్కిన్స్ గ్లెన్‌లో దాదాపు 6 లక్షల మంది చేరినప్పుడు ఇట్టాంటి డిలే బాక్సులే వాడినారు. మిక్సరు మీద కూర్చునేవాణ్ణి అడగండి, "డిలే పెట్టినావా?" అని. బిక్కమొహం వేస్తే ఆ సెట్టు వద్దు.

మధ్యాహ్నం మూడుకే సౌండ్‌చెక్, అంటే మైకులు, బాక్సులు వాయించి సరిచూసుకోవడం, అయిపోవాల. మీరు చివరి వరసలో కూర్చొని వినండి. కుర్రోళ్లు బేసు పెంచమంటారు. పాటలో ప్రతి మాటా చివరి కుర్చీకి తెలిసినాకే బేసు.

పాసులు

టిక్కెట్టు షోని చంపేది వాన కాదు, పాసు. కుర్చీలు 800 అంటే ఊళ్లో 800 మంది, "మాకొక నాలుగు పాసులు" అంటారు. ఆఫీసుల్లో అడుగుతారు, స్పాన్సరు బామ్మర్ది అడుగుతాడు, మీ మేనమామ అడగడు గానీ ఇవ్వకపోతే అలుగుతాడు.

1966 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో మూడు రోజుల ట్రిప్స్ ఫెస్టివల్ జరిగింది. గ్రాహం చేతిలో కాయితాల అట్ట పట్టుకొని గేటు చూసుకుంటా ఉంటే, వెనక తలుపు దగ్గర వెండి రంగు అంతరిక్ష దుస్తులేసుకున్న ఒకడు జనాన్ని ఊరకే లోపలికి పంపుతా ఉన్నాడు. చూస్తే అతను రచయిత కెన్ కేసీ, ఆ పండగ చేసేవాళ్లలో ఒకడు! గ్రాహం అరిచినాడు, కేసీ హెల్మెట్ అద్దం కిందికి దించుకొని ఊరుకున్నాడు. కాబట్టి దొంగ దారి తెరిచేది బయటివాళ్లే అనుకోవద్దు. మన కుర్రోళ్లలో ఒకడు వెనక గుడ్డ ఎత్తి స్నేహితుల్ని పంపుతా ఉంటాడు. ఆడ మా ఆవిణ్ణి కూర్చోబెడతా నేను, ఆమె దగ్గర ఎవరి ఆటలూ సాగవు.

పద్ధతి ఏందంటే, పాసులకి నంబర్లు వేసి ఒక పుస్తకంలో ఎవరికిచ్చినారో రాయండి. మొత్తం కుర్చీల్లో నూటికి ఐదు మించొద్దు. స్పాన్సరుకి పాసులివ్వొద్దు, ఆయన ఇచ్చిన డబ్బులో కొంత టిక్కెట్లుగా లెక్కేసి ఇవ్వండి. డబ్బు పెట్టిన టిక్కెట్టు కాబట్టి పనివాళ్లకో, తన దగ్గర సరుకు కొనేవాళ్లకో పంచుతాడు, కుర్చీ ఖాళీగా ఉండదు. ఊరకే వచ్చిన పాసు కుర్చీ సగం సార్లు ఖాళీ. అదీ మొదటి వరసలో. పాసుల కుర్చీలు ముందు వరసలో పెట్టకండి. ముందు వరస 500 పెట్టినోడిది. పెద్దమనిషి ఎవరైనా ఆలస్యంగా వచ్చి, కొన్నోణ్ణి లేపమంటే లేపొద్దు. ఒక్కసారి లేపితే ఆ కొన్నోడు మళ్లా రాడు, పది మందికి చెప్తాడు. ఆ పెద్దమనిషి అలిగినా వచ్చే ఏడు మళ్లా పాసు అడుగుతాడు.

కొన్నోడికి మర్యాద

పాయిఖానాలు శుభ్రంగా లేకపోతే ఆడవాళ్లు రారు. ఆడవాళ్లు రాకపోతే కుటుంబాలు రావు, మిగిలేది ఈలలేసే గుంపే. ఆడవాళ్లకి మగవాళ్లకంటే ఎక్కువ పెట్టండి, దారంతా లైటు వేయండి, ఒక ఆయమ్మని చివరిదాకా ఆడే ఉంచి ఆమె కూలి ఆ రాత్రే ఇవ్వండి. ఆపిల్ కాయల పీపా మనకెందుకు, పొదలకూరు నిమ్మకాయలున్నాయి గదా. గేటు లోపల ఒక డ్రమ్ము నిండా నిమ్మకాయ నీళ్లు ఊరకే పోయించండి. ఆ ఖర్చు ఒక పోస్టరు ఖర్చంత ఉండదు. 1976 నవంబరు 25న 'ద బ్యాండ్' అనే పేరుగల రాక్ బృందం వీడ్కోలు కచేరీకి గ్రాహం దాదాపు 5,000 మందికి బల్లలు వేసి టర్కీ కోడి విందే పెట్టినాడు. అంత చేయమని చెప్పను.

పోస్టర్లకి మాత్రం నేను గ్రాహం శిష్యుణ్ణే. వెస్ విల్సన్ లాంటి చిత్రకారులతో కరిగిపోతా ఉన్నట్టుండే అక్షరాలు గీయించి, షో అయినాక జనానికి ఊరకే ఇచ్చేవాడు. ఇప్పుడవి వేలం పాటల్లో అమ్ముతా ఉన్నారు. మీరు ఫ్లెక్సీలో మీ మొహాలు, ఎమ్మెల్యే మొహం వేయించి డబ్బు తగలేయొద్దు. ఫ్లెక్సీకి కార్పొరేషను పర్మిషను కూడా కావాల. బొమ్మ గీసే కుర్రోణ్ణి పట్టి ఒక మంచి పోస్టరు వేయించండి. ఇంటికి పోయేటప్పుడు చేతికియ్యండి, హాస్టలు గోడకెక్కుద్ది. మిగతా ప్రచారానికి ఆటోకి మైకు కట్టి తిప్పడం ఇప్పటికీ వాట్సాప్ కంటే బాగా పనిచేస్తది, అదీ సాయంత్రం పూట మాగుంట లేఅవుటు, గాంధీబొమ్మ వైపు.

గేట్లు

ఇది తమాషా కాదు. 1979 డిసెంబరు 3న అమెరికాలో సిన్సినాటి ఊళ్లో కచేరీ మొదలు కాకముందే తలుపుల దగ్గర తొక్కిసలాటలో 11 మంది పోయినారు. వేల మందికి కొన్ని తలుపులే తీసినారు. అంత దూరమెందుకు, మన కందుకూరులో 2022 డిసెంబరు 28న ఒక సభ దగ్గర 8 మంది పోయినారు, ఇరుకు రోడ్డు, పక్కనే కాలువ. కాబట్టి జాగా చూసేటప్పుడే తెరిచున్న కాలువలు చూడండి, పలకలు మూయించండి. సర్వి కర్రలతో దడులు గట్టిగా కట్టండి గానీ, అత్యవసరంలో బయటికి పోయే దారుల్లో కట్టొద్దు. ఆ దారుల్లో స్కూటర్లు ఆపకుండా ఒక మనిషిని నిలబెట్టండి. గేట్లు ఒక గంట ముందే తీయండి. సౌండ్‌చెక్ కాలేదని జనాన్ని బయట నిలబెట్టారంటే తోపులాట మొదలవుద్ది, అందుకే మూడుకే అయిపోవాలన్నది. అమ్మిన టిక్కెట్లు కుర్చీలు దాటకూడదు. "ఇంకొక యాభై మంది నిలబడతార్లే" అనేవాడు మీ పక్కనే ఉంటాడు, వాడి చేతికి టిక్కెట్టు పుస్తకం ఇవ్వకండి.

షో అయినాక స్టేజీ వెనక బల్లేసుకొని ఆ రాత్రే లెక్క తేల్చండి. సౌండువాడు, టెంటువాడు, జనరేటరు డ్రైవరు, ఊడ్చేవాళ్లు, అందరి దగ్గరా సంతకం. తెల్లారితే ప్రతి లెక్కా కొంచెం పెరుగుద్ది. పొద్దున్నే మైదానానికి పోయి కర్రల గుంతలు పూడ్పించి ఫోటో తీసుకోండి. డిపాజిట్టు వెనక్కి ఇచ్చేటప్పుడు ఆ ఫోటో అడుగుతారు.